రెండు డ్రమ్ముల మీద ఒకటే గుర్తు

సంగారెడ్డి
మే 1977

తమ్ముడు బర్నబాకు,

నిన్నూ గ్రేస్‌నూ పిల్లలనూ పొద్దుటి ప్రార్థనలో తలుచుకుని అక్క రాస్తున్నది.

బొంబాయి చేరారని గ్రేస్ కార్డు రాసింది. హెడ్డాఫీసులో నీకు పెద్ద కుర్చీ ఇచ్చారట. చంకనెత్తుకుని పెంచినదాన్ని, సంతోషించకుండా ఎట్లా ఉంటాను.

మీ షెడ్డు పనివాడు యాదన్న సంగతి నువ్వు అడగలేదు. అయినా రాస్తున్నాను. మీ పటాన్‌చెరు రసాయనాల ఫ్యాక్టరీలో మంట లేచిన రోజున అతన్ని జీపులో మా ఆసుపత్రికి తెచ్చింది నువ్వే గదా. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. మెడ కొంత. బతుకుతాడు. వేళ్లు ముడుచుకుపోకుండా రోజూ కట్టు విప్పి చాపుతున్నాను. అరవడు. "జెర మెల్లగ సిస్టరమ్మా, మల్ల గవే వేళ్లతోని బువ్వ తినాలె" అంటాడు. వాళ్లది హత్నూర. భార్య రాజవ్వ వార్డు వరండాలోనే ఉంటున్నది.

యాదన్న షెడ్డులో బీడీ ముట్టించాడనీ, అందుకే మంట లేచిందనీ మీ మేనేజరు కాగితం పెట్టాడు. కానిస్టేబులు వచ్చి మంచం పక్కన నిలబడి పేరూ ఊరూ రాసుకుపోయాడు. చేతులు మానితే జైలుకు తీసుకుపోతారట. మానాలని నేను కట్టు కడుతున్నాను. మానితే జైలని రాజవ్వ ఏడుస్తున్నది.

వానలు పడ్డాక హైదరాబాదు నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి విచారణ చేస్తాడని అంటున్నారు.

ఒక్క మాట చెప్పు. ఆ రోజు రియాక్టరులో పోసింది ఏమిటి? రాజవ్వ అడుగుతున్నది. నేను నీకు అక్కనని ఆమెకు తెలుసు.

ఇంకొకటి. యాదన్నను స్ట్రెచరు మీద పెట్టించి నువ్వు వార్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయావు. లోపలికి రమ్మంటే రాలేదు. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయావు. ఒంట్లో బాగుందా?

అక్క
జయశీల

*

బొంబాయి, పరేల్
జూన్ 1977

పెద్దక్కకు తమ్ముడు బర్నబా వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వాన మొదలైంది. మన దగ్గర వాన వచ్చి పోతుంది గదా, ఇక్కడ వచ్చి కాపురం పెడుతుంది. బట్టలు ఆరవు. పిల్లలు అప్పుడే మరాఠీలో పోట్లాడుకుంటున్నారు. గ్రేస్‌కు కారం దొరకలేదు. వచ్చేవాళ్లెవరైనా ఉంటే మన మిరపపొడి పంపించు.

రియాక్టరులో పోసింది బ్యూటైల్ ఆల్కహాలు. ఒక రకం స్పిరిటు అనుకో. ఆ షెడ్డులో వాడేది అదొక్కటే. దాని ఫార్ములా C₄H₁₀O. ఏం పొయ్యాలో రాసిచ్చే బ్యాచి చీటీలో అదే ఉంది, డ్రమ్ము మీద అదే ఉంది, రిజిస్టరులో అదే ఉంది. మూడూ సరిపోయాయి. విచారణలో ఎవరడిగినా నా జవాబు ఇదే.

బీడీ సంగతి నాకు తెలియదు. అయితే ఆ సరుకు దానంతట అది అంటుకునేది కాదు. ఎవరో నిప్పు దగ్గరికి తెచ్చి ఉండాలి. యాదన్న మంచివాడే. మంచివాళ్లు బీడీ తాగరా?

నువ్వు ఇందులో తల దూర్చకు. నీ వయసుకు వార్డు పనే ఎక్కువ. నా ఒంట్లో బాగానే ఉంది. ఆ రోజు గాభరాలో ఉన్నాను, అంతే.

నీ తమ్ముడు
బర్నబా

*

సంగారెడ్డి
జూన్ 1977

తమ్ముడూ,

మిరపపొడి పార్శిలు కట్టించాను. 

బీడీ మాట రాజవ్వకు చదివి వినిపించాను. ఆమె జవాబు ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "మా ఆయనకు బీడీ వాసనకే వాంతి వస్తది. జర్దా నములుతడు, గదొక్కటే పాడలవాటు. జర్దాకు మంటంటుకుంటదా, మీ తమ్మున్ని అడుగు సిస్టరమ్మా. సదువుకున్నోడు గదా, ఎరుక ఉంటది."

అడుగుతున్నాను.

కానిస్టేబులు మళ్లీ వచ్చాడు. ఈసారి యాదన్న వేళ్లు కదులుతున్నాయా అని చూసుకుని పోయాడు. అప్పటి నుంచి యాదన్న నేను వేళ్లు చాపుతుంటే చేయి వెనక్కి లాక్కుంటున్నాడు. మానకపోతేనే మేలని అనుకుంటున్నాడేమో. నాకు భయం ఇప్పుడు పట్టుకుంది.

చీటీలో, డ్రమ్ము మీద, రిజిస్టరులో ఉన్న ఆ గుర్తు ఏమిటో నాకు నేర్పించు. C₄H₁₀O. అంకెలు తెలుసు, అక్షరాలు తెలుసు. కలిపితే ఏమవుతుందో తెలియదు. చింతగింజలు పేర్చి నీకు అ, ఆలు నేర్పించాను. ఇప్పుడు నువ్వు నేర్పించు. రాజవ్వకు నేను చెప్పుకోవాలి.

అక్క
జయశీల

*

బొంబాయి
జులై 1977

పెద్దక్కకు వందనాలు.

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. గ్రేస్ కూడా నవ్వింది. "వదినగారు బీయస్సీ పరీక్షకు కడుతున్నారా?" అన్నది. సరే, నేర్పిస్తాను. చింతగింజలే తీసుకో.

నాలుగు చింతగింజలు కార్బన్లు. పది బియ్యపుగింజలు హైడ్రోజన్లు. ఒక్క గురువిందగింజ ఆక్సిజన్. ఇక చేతుల సంగతి. చింతగింజకు నాలుగు చేతులు. గురువిందకు రెండు. బియ్యపుగింజకు ఒక్కటే. ఒకరి చేయి ఒకరు పట్టుకోవాలి, ఏ చేయీ ఖాళీగా ఉండకూడదు. నియమం ఇంతే. చేతులకు చీపురుపుల్ల ముక్కలు పెట్టుకో.

ముందు నాలుగు చింతగింజలూ వరుసగా పెట్టు. చివరి గింజకు గురువిందను తగిలించు. గురువింద రెండో చేతికి ఒక బియ్యపుగింజ ఇవ్వు. మిగతా తొమ్మిదీ చింతగింజల ఖాళీ చేతులకు పంచు. సరిపోతుంది. అదే మన బ్యూటైల్ ఆల్కహాలు.

ఇందులో తమాషా ఏమిటంటే, అవే గింజలను ఇంకో రకంగా కూడా పేర్చవచ్చు. వరుసలోంచి ఒక చింతగింజను తీసి పక్కకు కొమ్మలా తగిలించు. లెక్క మారదు, బరువు మారదు, ఫార్ములా మారదు. పదార్థం మాత్రం మారిపోతుంది. ఒకటి చలికాలం పొద్దున గడ్డకట్టుకుని కూర్చుంటుంది, ఇంకొకటి నీళ్లలా పారుతూనే ఉంటుంది. వీటిని ఐసోమర్లు అంటాము. నాకు నువ్వు 'తల' నేర్పించి, గింజలు అటూ ఇటూ జరిపి 'లత' చేసి చూపించావు, గుర్తుందా? అక్షరాలు అవే. తల మీద నూనె రాస్తాము, లత మీద రాయము. కాలేజీలో మా లెక్చరరు బోర్డు మీద ఐసోమర్లు వేస్తుంటే నాకు నీ చింతగింజలే కనిపించాయి. క్లాసంతా తికమక పడుతుంటే నాకొక్కడికే తేలిగ్గా ఉండేది.

ఈ నాలుగు గింజలతో నాలుగు రకాల బ్యూటైల్ ఆల్కహాళ్లు వస్తాయి. నాలుగూ స్పిరిట్లే. అంతే, పాఠం అయిపోయింది. రాజవ్వకు ఇంత చెప్పనవసరం లేదు.

యాదన్నతో చేయి లాక్కోవద్దని చెప్పు. ముడుచుకుపోతే మళ్లీ రావు.

నీ తమ్ముడు
బర్నబా

*

సంగారెడ్డి
జులై 1977

తమ్ముడూ,

పాఠం బాగుంది. వార్డు వరండాలో కూర్చుని పేర్చాను. రాజవ్వ చీపురుపుల్లలు విరిచి ఇచ్చింది. నాలుగూ వచ్చాయి.

అయిదోది కూడా వచ్చింది.

అది నేను పేర్చలేదు. నేను పాలు కాయడానికి లేచి వెళ్లి వచ్చేసరికి రాజవ్వ గురువిందను తీసి నడుమ పెట్టింది. ఇటు రెండు చింతగింజలు, అటు రెండు. చివర పెట్టాలని నేనంటే, "గీ ఎర్రగింజ సక్కగుంది, పెండ్లిపిల్ల లెక్క నడుమల కూసోబెట్టిన. ఏం, తప్పా? ఏ చెయ్యి ఖాళీ లేదు సూడు" అన్నది. చూశాను. ఖాళీ లేదు. నాలుగు, పది, ఒకటి. లెక్క సరిపోయింది. నీ నియమం ప్రకారం తప్పు లేదు.

దాని పేరేమిటి? నువ్వు నాలుగు రాశావు. ఇది ఎందుకు రాయలేదు?

నేను చెబుతాను. దొరసాని డాక్టరమ్మ ఉన్న కాలంలో ఆపరేషను గదిలో ముక్కు మీద గుడ్డ పెట్టి మత్తుమందు చుక్కలు వేసేదాన్ని నేనే. ఈథరు. ఆ సీసా మీద ఇంగ్లీషు పేరు కింద ఏదో గుర్తు ఉండేది. అప్పుడు పట్టించుకోలేదు. మొన్న స్టోరులో పాత సీసా ఒకటి వెతికి పట్టుకున్నాను. రాజవ్వ పేర్చిన లెక్కే దాని మీదా ఉంది.

సీసా నాకు అవసరం లేదు తమ్ముడూ. యాదన్నను తెచ్చిన రోజున అతని చొక్కా కత్తిరించింది నేను. నా ముక్కుకు ఆ వాసన తెలియదా? నువ్వు గుమ్మం దాటి ఎందుకు రాలేదో ఆ క్షణమే అనుమానం వచ్చింది. నువ్వే చెబుతావని ఇన్నాళ్లు ఆగాను.

ఈథరు ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ గదిలో దీపం ఉండనిచ్చేది కాదు. పక్క గదిలో కూడా. "దాని ఆవిరి లేచి నిలబడదు సిస్టర్, నేల మీద పాకుతుంది" అనేది. యాదన్న ఏమన్నాడో విను. "మంట నా దగ్గర పుట్టలే సిస్టరమ్మా. షెడ్డు ఎనక చాయ్ కాసే స్టవు లేదా, గా దిక్కు నుంచి నేల మీద పాము లెక్క ఉరికొచ్చింది."

మరి ఆ షెడ్డులో ఈథరు ఎందుకు పోశావని అతన్నే అడిగాను. అతను చెప్పింది ఇది.

చీటీలో గుర్తు చూసుకుని స్టోరుకు పోయాడు. ఒకే గుర్తు ఉన్న డ్రమ్ములు రెండు రకాలు కనిపించాయి. దేన్ని తేవాలో తెలియక షెడ్డు తలుపు దగ్గరికి వచ్చి అడిగాడు. లోపల మోటార్ల చప్పుడు. సూపర్‌వైజరు చలపతిరావు గారు రియాక్టరు మూత దగ్గర నిలబడి చేయి ఊపుతూ, "ఈథర్ డాలో" అని అరిచాడు. స్టోరు లింగం ఒక రకాన్ని ఈథరని పిలవడం యాదన్న విన్నాడు. అదే తెచ్చాడు, అదే పోశాడు. "దవాఖాన వాసనొచ్చింది. సారే చెప్పిండు గదా, సారుకు ఎరుకలేదా అనుకున్న."

చలపతిరావు గారు ఆదివారం బత్తాయిలు తీసుకుని యాదన్నను చూడవచ్చారు. వరండాలో కూర్చోబెట్టి అడిగాను. గుంటూరు జిల్లా మనిషి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా పిల్లల మీద ఒట్టమ్మా. నేను 'ఇధర్ డాలో' అన్నాను. ఇక్కడ పొయ్యమని. ఈథరు మాట నా నోట రాలేదు."

"తెలుగువాడితో హిందీ ఎందుకండీ?" అన్నాను.

"ఇక్కడి వాళ్లందరికీ ఉర్దూ వచ్చు గదాని, వాళ్లకు అర్థమవుతుందనే మాట్లాడతానమ్మా."

లోపల మంచం మీంచి యాదన్న విని, "ఇక్కడ పొయ్యి అంటే అయిపోవు గద సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. ఒకరు ఇధర్ అన్నారు, ఒకరికి ఈథర్ వినపడింది. డ్రమ్ము మీద పేరుంటే ఆ మాట అక్కడే ఆగిపోయేది.

రెండు రకాల డ్రమ్ముల మీదా పేరు లేకుండా ఒకటే గుర్తు ఎవరు రాయించారు?

అక్క
జయశీల

*

బొంబాయి
ఆగస్టు 1977

అక్కా,

నువ్వు నర్సువా, పోలీసువా? పాఠం చెప్పమంటే చెప్పాను. పాఠం పేరు పెట్టి నా మెడకు ఉరి పేనుతున్నావని అప్పుడు తెలియలేదు.

ఎవరు రాయించారో నీకు తెలుసు. తెలిసే అడుగుతున్నావు. సరే, నేనే.

విను. సరుకు పంపేవాడొకడు బ్యూటనాల్ అని రాస్తాడు, ఇంకొకడు బ్యూటైల్ ఆల్కహాల్ అంటాడు, మరొకడు మూడు అక్షరాలు రాసి ఊరుకుంటాడు. డ్రమ్ముల మీది చీటీలు ఎండకు ఊడిపోతాయి. పనివాళ్లకు ఇంగ్లీషు రాదు. వాళ్లు తప్పు డ్రమ్ము పట్టుకుపోకూడదనే పేర్లు తీయించి తెల్లరంగుతో ఫార్ములా రాయించాను. పేర్లు ఎన్నయినా ఉంటాయి, ఫార్ములా ఒక్కటే అన్నాను. బొమ్మకు బొమ్మ కలిసినట్టు గుర్తుకు గుర్తు కలిస్తే చాలన్నాను. మేనేజరు చేయి కలిపి మెచ్చుకున్నాడు. అప్పుడు ఫ్యాక్టరీలో ఆ గుర్తున్న సరుకు ఒకటే ఉండేది.

తరవాత ఇంకో షెడ్డు కోసం ఈథరు వచ్చింది. లింగం నా నియమం ప్రకారమే పుస్తకం చూసి రాయించాడు. అతను తప్పు రాయలేదు అక్కా. ఈథరు ఫార్ములా అదే. ఐసోమర్లు. తల, లత. క్లాసులో ఒక్కడికే తేలిగ్గా అర్థమైనవాణ్ని నేను.

నేను చూశాను. స్టోరు ముందు నుంచి పోతూ రెంటినీ పక్కపక్కన చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? రేపు మార్పిద్దాం అనుకున్నాను. ఆ రేపు రాకముందే మంట లేచింది.

మంట ఆరాక మేనేజరు స్టోరులో డ్రమ్ములన్నిటికీ రంగు వేయించాడు. నన్ను ఇక్కడికి పంపించాడు. ఎందుకు పంపాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది, కేసు నా మీద పడుతుంది. చేతులు కాల్చిన కెమిస్టును ఇంకో ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిస్తుందా? గ్రేస్ రోజూ అడుగుతున్నది, రాత్రి ఎందుకు లేచి కూర్చుంటున్నావని. నీకు దేవుడి దగ్గర పేరు కావాలి. నాకు నా పిల్లలకు బువ్వ కావాలి.

విచారణకు నిన్ను పిలుస్తారట, గాయాలు చూసిన సిస్టరువని. ఒక్కటి అడుగుతాను. ఇంతవరకూ నిన్నేమీ అడగలేదు. వాసన సంగతి ఎత్తకు. అబద్ధం చెప్పమనడం లేదు. ఊరుకో, అంతే. నువ్వు ఊరుకుంటే ఆ షెడ్డులో ఈథరు ఉన్నట్టు చెప్పేవాళ్లెవరూ లేరు. యాదన్న మాట ఎవరు నమ్ముతారు.

బర్నబా

*

సంగారెడ్డి
ఆగస్టు 1977

తమ్ముడూ,

ఊరుకోమన్నావు. ఊరుకోలేదు. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చాక మోకాళ్ల మీద చాలాసేపు ఉన్నాను. నీ పేరే పలికాను. లేచేటప్పటికి ఏం చెప్పాలో తేటపడింది. నాకు తెలిసింది నేను చెబుతాను. నీకు తెలిసింది నీకు వదిలేస్తాను.

విచారణ మీ ఫ్యాక్టరీ ఆఫీసులోనే జరిగింది. ఇన్‌స్పెక్టరు నెమ్మదైన మనిషి. పక్కన టైపిస్టు. మేనేజరు, చలపతిరావు గారు, లింగం, యాదన్న, రాజవ్వ, నేను. యాదన్న కట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు నన్ను అడిగారు. చొక్కా నుంచి ఈథరు వాసన వచ్చిందని చెప్పాను. మేనేజరు నవ్వాడు. "అమ్మగారు పెద్దవారు. ఆసుపత్రిలో ఉండేవాళ్లకు అన్నీ ఆసుపత్రి వాసనలే వస్తాయి" అన్నాడు. "ఈ వాసనతో నేను చాలామందిని నిద్రపుచ్చానండీ. అందరినీ లేపాను కూడా. వాసన తప్పుగా పట్టి ఉంటే లేచేవారు కాదు" అన్నాను. ఆయన మళ్లీ నవ్వలేదు.

యాదన్న తనకు వినపడింది చెప్పాడు. తరవాత చలపతిరావు గారిని అడిగారు. ఆ రోజు అన్న మాట అన్నట్టే చెప్పమన్నారు. "ఇధర్ డాలో అన్నానండీ" అన్నాడు. టైపిస్టు టకటకా కొట్టాడు. సంతకానికి ముందు చదివి వినిపించమన్నాడు ఇన్‌స్పెక్టరు.

టైపిస్టు చదివాడు. "నేను యాదన్నతో ఈథర్ డాలో అని చెప్పితిని."

చలపతిరావు గారు కుర్చీలోంచి లేచాడు. "అయ్యయ్యో, ఈథర్ కాదండీ, ఈధర్!"

"అదే గదండీ కొట్టింది, ఈథర్!" అన్నాడు టైపిస్టు.

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని చూశాడు. "ఇక్కడ మోటార్లు కూడా తిరగడం లేదు" అన్నాడు.

రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు తెలియలేదు. యాదన్న చలపతిరావు గారి వైపు చూసి, "సార్, జూసిన్రా, నా చెవులు మంచిగనే ఉన్నయి" అన్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మేనేజరు లేచాడు. మాట తప్పు వినపడితే వినపడవచ్చు, కాని ఈథరు డ్రమ్ము మీద ఆ గుర్తు ఎప్పుడూ లేదు, పేరే ఉండేది, కావాలంటే స్టోరులో చూడండి అన్నాడు. చూశారు. అన్నిటి మీదా కొత్తరంగు, కొత్త పేర్లు. ఇన్‌స్పెక్టరు లింగాన్ని అడిగాడు. లింగం మేనేజరు బూట్ల వైపు చూస్తూ, గుర్తు లేదన్నాడు. చలపతిరావు గారిని అడిగాడు. పేర్లు తీసేసి గుర్తులు పెట్టమన్నది ఎవరు?

ఆయన నా వైపు చూశాడు. "తెలియదండీ" అన్నాడు.

బయటికి వచ్చాక నా దగ్గరికి వచ్చాడు. "మా ఆవిడ నాగేశ్వరి రెండు కాన్పులూ మీ చేతుల మీదే జరిగాయమ్మా. మీ తమ్ముడి పేరు నా నోటితో ఎలా చెప్పను?"

"మీరు చెప్పవద్దు. చెప్పవలసినవాడు చెబుతాడు" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు గట్టిగానే ఉంది. ఇంటికి వచ్చాక ఉండలేదు.

ఇన్‌స్పెక్టరు ఇంకో మాటు కూర్చుంటాడట, దసరా లోపల. గుర్తు సంగతి తెలిసినవాళ్లు ఎవరూ చెప్పకపోతే మేనేజరు కాగితమే నిలుస్తుంది. యాదన్న చదువు రానివాడు, వాసన పట్టినా పోశాడు, బీడీ కూడా తాగాడు అని. ఈ మాట ఆయన నాతో విడిగా చెప్పాడు. నీ పేరు అడగలేదు. నేను చెప్పలేదు.

నాకు దేవుడి దగ్గర పేరు కావాలన్నావు. నాకు నీ పేరు కావాలి తమ్ముడూ. నేను పెట్టిన పేరే అది.

ఇటు రా. తెలుగులోనే చెబుతున్నాను.

అక్క
జయశీల

*

బొంబాయి
సెప్టెంబరు 1977

అక్కా,

ఇన్‌స్పెక్టరుకు రిజిస్టరు పోస్టులో ఒక కాగితం పంపించాను. ముందు ఇంగ్లీషులో రాశాను. 'అనివార్య పరిస్థితులలో', 'సదుద్దేశంతో' అని ఏవేవో మాటలు వచ్చాయి. గ్రేస్ చదివి, ఇందులో నువ్వు ఎక్కడున్నావని అడిగింది. చింపేశాను. తెలుగులో రాస్తే ఇంతే అయింది.

డ్రమ్ముల మీద పేర్లు తీయించింది నేను. రెండు వేరు సరుకుల మీద ఒకటే గుర్తు ఉండడం చూసింది నేను. చూసి మార్పించనిది నేను. ఆ రోజు పోసింది ఈథరు. యాదన్న గుర్తు సరిచూసుకునే పోశాడు. చలపతిరావు గారు ఇక్కడ పొయ్యమనే అన్నారు.

కింద రెండు బొమ్మలు వేశాను. ఒకదానిలో ఆక్సిజన్ చివర, ఒకదానిలో నడుమ. రెంటి కిందా C₄H₁₀O అని రాశాను. బీయస్సీ మొదటి ఏడాదిలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

కంపెనీకి చెప్పలేదు. చెబితే రానివ్వరు. విచారణ ముందు రోజు బండి ఎక్కుతున్నాను. పిల్లల బడి సంగతి గ్రేస్ చూసుకుంటానన్నది. పోయిన నెల నీకు రాసిన ఉత్తరం ఆమెకు చూపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత పెట్టె సర్దింది.

ఆ ఉత్తరం చింపేయి అక్కా.

నీ తమ్ముడు
బర్నబా

*

సంగారెడ్డి
నవంబరు 1977

తమ్ముడు బర్నబాకు,
హైదరాబాదు, చిక్కడపల్లి కిరాయి గదికి.

చింపలేదు. పొయ్యిలో వేశాను. బూడిద గిన్నెలు తోమడానికి పనికొచ్చింది.

నిన్న కానిస్టేబులు వచ్చాడు. ఈసారి మంచం పక్కన కూర్చున్నాడు. యాదన్న పేరు కొట్టేశారని చెప్పి, రాజవ్వ ఇచ్చిన చాయ్ తాగి పోయాడు. కేసు ఇప్పుడు నీ మీదా మేనేజరు మీదా ఉందని నీకు నేను చెప్పనవసరం లేదు. గ్రేస్ వాళ్ల అన్న సొలొమోను వకీలును చూస్తున్నాడట. ఏమవుతుందో నాకు తెలియదు. రోజూ అడుగుతున్నాను, అడగవలసిన చోట.

ఆ రోజు నువ్వు విచారణలో లేచి నిలబడి చెప్పావు. చక్కగా చెప్పావు. టైపిస్టు ప్రతి మాటనూ రెండు సార్లు అడిగి కొట్టాడు. కాని యాదన్న నీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. నువ్వు ఇన్‌స్పెక్టరు వైపు చూశావు, గోడ వైపు చూశావు, నా వైపు చూశావు. అతని వైపు చూడలేదు. బయట రాజవ్వ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉంటే పక్క నుంచి బస్సుకు పోయావు. కేసు కోసం హైదరాబాదులోనే గది తీసుకుని ఉన్నావు, ఉత్తరం రాస్తే సంగారెడ్డి రాలేనంటున్నావు. వార్డు గుమ్మం అంత ఎత్తుగా ఉందా?

యాదన్న ఎడమచేయి బాగా వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు వంగే ఉంటాయి. నేను చేయగలిగింది చేశాను. ఇప్పుడు చాపుతుంటే చేయి వెనక్కి తీసుకోడు. చలపతిరావు గారు షెడ్డులో హిందీ మానేసి తెలుగే మాట్లాడుతున్నారట. యాదన్నకు చెబితే, "ఆ గుంటూరు తెలుగు గూడ మాకు సగమే సమజైతది సిస్టరమ్మా" అన్నాడు. వార్డంతా నవ్వింది. అతను నవ్వడం నేను మొదటిసారి చూశాను.

నవ్వి ఊరుకున్నాక అడిగాడు. "మీ తమ్ముడు వస్తలేడేంది?"

సిగ్గుపడుతున్నాడని చెప్పాను. కాసేపు వేళ్లు చూసుకున్నాడు. "ఆయన రాకుంటే మనమే పోదాం. నాకు జర్దా తప్ప వేరే పనేముంది" అన్నాడు. రాజవ్వ అప్పుడే సంచీ దులుపుతున్నది. చింతగింజలు కూడా వేసింది, ఎర్రగింజ ఎక్కడ పెట్టాలో నిన్నే అడుగుతుందట.

శనివారం పొద్దుటి బస్సుకు ముగ్గురమూ వస్తున్నాము. యాదన్న చేతులతో ఇంకా గొళ్లెం తీయలేడు.

తలుపు తీసి ఉంచు.

అక్క
జయశీల